గిట్ల్ జుట్టు

అందరికీ నమస్కారమండి. సినిమా ఇప్పుడే అయిపోయింది, అందరూ ఆకలి మీదున్నారు, ఎక్కువసేపు బుర్ర తినను. ‘హెస్టర్ స్ట్రీట్’లో నేను మాట్లాడాలనుకున్నది ఒక్కటే, హీరోయిన్ గిట్ల్ జుట్టు.

1896, న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్, వలస వచ్చిన యూదులుండే పేట. ముందే వచ్చేసిన యాంకెల్ గడ్డం తీసేసి జేక్ అయిపోయాడు, మేమీ అనే అమ్మాయితో డాన్సులు, షికార్లు, ఆ టైమ్‌లో దిగింది పెళ్ళాం గిట్ల్, చేతిలో కొడుకు, నెత్తిన విగ్గు. వాళ్ళ యూదు ఆచారంలో పెళ్ళైన ఆడది సొంత జుట్టు పరాయి మగాడికి కనపడనివ్వదు. ఈయనకేమో ఆ విగ్గు చూస్తే ఒళ్ళుమంట. కొడుకు చెంపల మీది పిలకలు కత్తిరించేసి యోసెల్‌ని జోయీ చేసేశాడు. ఆవిడ మాత్రం వాడి జేబులో ఉప్పు వేస్తుంది, దిష్టి తగలకుండా. (మా అమ్మమ్మ ఉప్పు దిగదీసి పొయ్యిలో వేసేది, చిటపటలాడితే అబ్బో ఎంత దిష్టో అనేది.)

చివరికి పాపం మొగుడి కోసం ఆ సొంత జుట్టే దువ్వుకుని ముస్తాబై నిలబడితే, అదీ విగ్గే అనుకుని పట్టి లాగుతాడు చూడండి, నాకు అక్కడ కడుపులో తిప్పేసింది.

కోరిక అంటే ఇందులో ముద్దులూ కౌగిలింతలూ కావు, ఇంట్లో అద్దెకుండే బెర్న్‌స్టీన్ పుస్తకం చదువుకుంటుంటే గిట్ల్ ఓరగా చూసే చూపు, అంతే. ఆవిడ దేవుణ్ణి వదల్లేదు, మొగుణ్ణి వదిలింది. అదీ ఎలా, జేక్ తరఫు లాయరు వచ్చి విడాకులకి ఒప్పుకుంటే ఇంత ఇస్తామని రేటు చెప్తుంటే నోరు మెదపదు, మెదపకపోయేసరికి ఆయనే పెంచుకుంటూ పోతాడు, ఆ డబ్బు ఇచ్చేది మేమీ, ఆమె దాచుకున్నదంతా ఊడ్చుకుపోతుంది! తర్వాత రబ్బీ (యూదు మతగురువు) ముందు గిట్ల్ దోసిలి పట్టి విడాకుల కాగితం అందుకుంటుంది. రూలేంటంటే మగాడు వెంటనే పెళ్ళి చేసుకోవచ్చు, ఆడది మూడు నెలలు ఆగాలి. ఇది అన్యాయం కాదా అని నన్నడగొద్దు, అన్యాయమే.

డైరెక్టర్ జోన్ మిక్లిన్ సిల్వర్‌కి ఇది మొదటి సినిమా. బ్లాక్ అండ్ వైట్, సగం డైలాగులు యూదులు మాట్లాడే యిడ్డిష్, పైగా డైరెక్టరు ఆడమనిషి, స్టూడియోలు ముట్టుకోలేదు. భర్త రాఫెల్ డబ్బు పోగుచేసి తీయించాడు, 1975లో రిలీజ్ కూడా సొంతంగానే. గిట్ల్‌గా వేసిన కారల్ కేన్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అంత చిన్న గొంతుతో!

ఇంకోసారి చూస్తే ఆఖరి సీన్ వదలకండి. గిట్ల్, బెర్న్‌స్టీన్ కిరాణా కొట్టు పెట్టే మాటలాడుకుంటూ పోతుంటారు, అటు జేక్, మేమీ పెళ్ళికి ట్రామ్ డబ్బులు మిగుల్తాయని నడిచి వెళ్తుంటారు.