సిమెంట్ బస్తా వెనకాల ఓ చట్టం

[దృశ్యం: కడుతున్న ఇల్లు. మేస్త్రి సిమెంట్ బస్తా మూతి కోస్తున్నాడు.]

మా ఇంటి శ్లాబ్ వేసేటప్పుడు మేస్త్రిది ఒకటే పట్టు: "53 గ్రేడే తెప్పించండి సార్, ఆ బూడిద సిమెంట్ వద్దు." శ్లాబ్ విషయంలో మేస్త్రితో వాదించేంత ధైర్యం నాకు లేదు, తెప్పించేశాను. ఆ బూడిద సిమెంట్ సంగతి పార్లమెంటు చేసిన ఓ చట్టం దాకా పోతుందని ఆ తర్వాత తెలిసింది.

[దృశ్యం: పాతకాలపు సున్నపు బట్టీ.]

సున్నపు బట్టీ చూశారా ఎప్పుడైనా? 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాల్లో కలిసిపోతుంది. యర్రగుంట్లలో, జగ్గయ్యపేటలో, తాండూరులో సిమెంట్ ఫ్యాక్టరీలు చేసేదీ ఇదే. కాకపోతే మట్టి కూడా కలిపి, 1,450 డిగ్రీల వేడిలో కాల్చి క్లింకర్ గడ్డలు తీస్తారు, వాటిని పొడి చేస్తేనే సిమెంట్. ఆ వేడి కోసం కాల్చే బొగ్గు పొగ వేరే.

అంటే రేపు బొగ్గు మానేసి బట్టీ మొత్తం సోలార్ కరెంటుతో నడిపినా ఆ 44 కిలోలు ఆగవు. రాయి కడుపులోంచి వస్తోంది మరి!

[దృశ్యం: ఫ్రిజ్ మీద స్టార్ లేబుల్.]

ఈ స్టార్లు 2001 నాటి ఇంధన పొదుపు చట్టం పుణ్యమే. అదే చట్టం కింద 2012 నుంచి పెద్ద ఫ్యాక్టరీలకూ లక్ష్యాలు పెట్టారు. కానీ అడిగింది ఒకటే: టన్ను సరుకు చేయడానికి ఎంత ఇంధనం వాడారు? రాయిలోంచి వచ్చే గ్యాస్ ఊసే లేదు.

2022లో చట్టాన్ని సవరించారు, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ జూన్‌లోనే కార్బన్ క్రెడిట్ల పథకం ప్రకటించారు. ఇప్పుడు అడిగేది, టన్ను సరుకుకు ఎంత గ్యాస్ వదిలారని. లక్ష్యం కన్నా తగ్గించిన ఫ్యాక్టరీకి క్రెడిట్లు వస్తాయి, తగ్గిన గ్యాస్ టన్నుకొకటి చొప్పున. మించినవాళ్లు వాటిని కొనుక్కోవాలి. 2025 అక్టోబరులో సిమెంట్‌తో పాటు అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ (అంటే కాస్టిక్ సోడా, క్లోరిన్ చేసే) ఫ్యాక్టరీలకు లక్ష్యాలు ఖరారయ్యాయి. క్రెడిట్లు కొనకుండా ఎగ్గొడితే, సగటు ధరకు రెట్టింపు పరిహారం కట్టాలి.

[దృశ్యం: థర్మల్ కేంద్రం పక్కన బూడిద చెరువు.]

ఇక మేస్త్రి వద్దన్న బూడిద. థర్మల్ కేంద్రాల ఫ్లై యాష్‌ను సిమెంట్‌లో 35 శాతం దాకా కలపొచ్చు. అంత మేర క్లింకర్ తగ్గుతుంది, క్లింకర్‌తో పాటే గ్యాసూ. బస్తా మీద పీపీసీ అని రాసి ఉండేది ఇదే. మొదటి రోజుల్లో బలం కాస్త నిదానంగా వస్తుంది, సెంట్రింగ్ విప్పడం ఆలస్యమవుతుందని మేస్త్రి టెన్షన్. అందులో న్యాయం ఉంది. కానీ నీళ్లు సరిగ్గా కడితే తర్వాత తర్వాత బాగా గట్టిపడుతుంది.

చట్టంలో లొసుగు లేదా? ఉంది. లక్ష్యమంతా టన్ను లెక్కనే. ఒక్కో గారెకి నూనె తగ్గించి, రెట్టింపు గారెలు వండితే మూకుడులో నూనె ఏం మిగులుతుంది? దేశంలో కట్టడాలు పెరిగేకొద్దీ మొత్తం గ్యాస్ పెరగొచ్చు. మొత్తానికీ ఒక హద్దు ఉండాలని నా మాట.

అయినా నేను ఈ చట్టం వైపే. ఇంతకాలం ఆ 44 కిలోలకు ఫ్యాక్టరీ చేత పైసా కట్టించే లెక్కే లేదు. ఇప్పుడు దానికో ధర పెట్టే పని మొదలైంది.

[దృశ్యం: మళ్లీ అదే ఇల్లు. మేడ మీద గోడ కడుతున్నారు. బస్తా మీద పీపీసీ.]

గోడలకైతే మేస్త్రి ఒప్పుకున్నాడు లెండి.