ఇఫుగావో మెట్ల మడులకు తక్కువ ఖర్చులో: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్లకి ఎంబీబీఎస్ చదివే పిల్లలు గుర్తొస్తారు, లేదంటే బీచ్‌లు. ఈరోజు మాత్రం ఉత్తరాన ఉన్న ఇఫుగావో కొండల గురించి మాట్లాడుకుందాం. మనీలాలో కొన్నేళ్లు ఉండి, ఆ ఊళ్లకి చాలాసార్లు వెళ్లొచ్చిన మేడం మనతో ఉన్నారు. మేడం, అసలు అక్కడ ఏముంది?

అతిథి: వరి మడులండి. కొండ అడుగు నుంచి పైదాకా మెట్లు మెట్లుగా కట్టిన మడులు. మనీలాకు సుమారు 350 కిలోమీటర్లు. అక్కడి ఐదు చోట్ల మడులను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బతాద్, బంగాన్, మయోయావో, హుంగ్‌డువాన్, కియాంగన్ దగ్గరి నగకదన్. చాలామందికి తెలియని సంగతేంటంటే, 20 పెసోల నోటు మీద కనిపించే బనావే టౌన్ మడులు ఆ ఐదింటిలో లేవు. అవీ అందంగానే ఉంటాయి. కానీ జనం వాటినే చూసి, వ్యూ పాయింట్ దగ్గర ఫొటో దిగి, సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేస్తారు. అంత దూరం వెళ్లి అలా రావొద్దు. ఊళ్లో కనీసం రెండు రాత్రులు పడుకోండి.

వ్యాఖ్యాత: మొదటి కాల్ విజయవాడ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండి. నేనూ, మా ఆవిడా వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం శాకాహారులం. వీసా తిప్పలు, తిండి తిప్పలు, రెండిటికీ భయంగానే ఉంది.

అతిథి: వీసాకి టెన్షన్ పడకండి. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు టూరిస్టులుగా 14 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. తిరుగు టికెట్, బస చేసే చోటి బుకింగ్, ఖర్చులకు డబ్బుందని చూపే కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ 14 రోజుల్ని అక్కడికెళ్లాక పొడిగించరు. బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు ఈ-ట్రావెల్ అని ఆన్‌లైన్ ఫారం నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. టికెట్ కొనేముందు మాత్రం ఎంబసీ వెబ్‌సైట్‌లో రూల్స్ ఒకసారి చూసుకోండి.

కాలర్: మరి తిండి?

అతిథి: అక్కడ జాగ్రత్త కావాలండి. కూరగాయల కూర అని పినక్‌బెట్ పెడతారు, అందులో రొయ్యల ముద్ద ఉంటుంది. బగోంగ్ అంటారు దాన్ని. చాప్‌సూయీ అనే కూరగాయల వేపుడులో కూడా మాంసం ముక్కలు పడతాయి. మన దగ్గర వెజ్ అంటే ఏంటో అందరికీ తెలుసు, అక్కడ ఆ మాట చాలదు. "వలాంగ్ కర్నే, వలాంగ్ ఇస్దా, వలాంగ్ బగోంగ్" అని చెప్పండి. మాంసం వద్దు, చేప వద్దు, రొయ్యల ముద్ద వద్దు అని. చివర "పో" చేర్చండి. పో అంటే అచ్చంగా మన "అండి" లాంటిదే. ఆ ఒక్క అక్షరానికి అవతలివాళ్ల ముఖం మారిపోతుంది. అన్నం మాత్రం మూడు పూటలా దొరుకుతుంది. కందిపొడి, ఒక చిన్న నెయ్యి సీసా పట్టుకెళ్తే మీకు ఏ ఇబ్బందీ ఉండదు.

వ్యాఖ్యాత: మనీలా నుంచే ఒక స్టూడెంట్ లైన్‌లో ఉన్నాడు. కరీంనగర్ అబ్బాయి.

కాలర్: అక్కా, మేం నలుగురం ఉన్నం. ఈస్టర్ ముందు వారం సెలవులొస్తయి. అప్పుడు పోదామనుకుంటున్నం. తక్కువల తక్కువ ఎట్ల పోవాలె?

అతిథి: తమ్ముడూ, ఆ వారం వద్దు. మనకి సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ వారం మనీలా ఖాళీ అవుతుంది. బస్సు దొరకదు, దొరికినా పైన గదులు దొరకవు. వారం పది రోజులు ఆగి వెళ్లండి. మడులు పచ్చగా ఉండే రోజులు ఎలాగూ ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఏప్రిల్‌లో బనావేలో ఇంబయా పండుగ కూడా జరుగుతుంది. మగవాళ్లు చెక్కతో చేసిన స్కూటర్ల మీద కొండ రోడ్డున జారుకుంటూ వస్తారు. ఇంజన్ ఉండదు, చక్రాలు కూడా చెక్కవే.

ఖర్చు సంగతికొస్తే, రాత్రి బస్సు ఎక్కండి. తొమ్మిది పది గంటల ప్రయాణం, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. ఏసీ మాత్రం ఎముకలు కొరికేస్తుంది. దుప్పటి, సాక్సులు బ్యాగ్‌లో కాదు, చేతిలో ఉంచుకోండి. పొద్దున బనావేలో దిగగానే అసలు ఖర్చు మొదలవుతుంది. బతాద్‌కి ట్రైసికిల్, అంటే మన ఆటో లాంటి బండి, ఒక్కడు మాట్లాడుకుంటే భారమే. జీపు అయితే ఇంకో నలుగురిని కలుపుకోండి, బస్సులోనే అడగండి, అందరూ అటే వెళ్తారు. రోడ్డు చివర దిగి నడవాలి. బతాద్‌లో ఏటీఎం లేదు, క్యాష్ మనీలాలోనే తీసుకోండి.

కాలర్: గైడ్ లేకుండ పోవచ్చా అక్కా? పైసలు మిగుల్తయి గదా.

అతిథి: మిగులుతాయి. కానీ అది మాత్రం మిగల్చొద్దు తమ్ముడూ. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది కొంచెమే. ఆ గైడ్ మామూలుగా ఆ ఊరి రైతే. మీరు తొక్కే గట్టు అతనిదో, వాళ్ల బాబాయిదో అయి ఉంటుంది. బేరం ఆడాలనుకుంటే మనీలా మాల్‌లో ఆడండి. ఇక్కడ ఆ డబ్బు నేరుగా మడికి వెళ్తుంది. ఎలా వెళ్తుందో తర్వాత చెప్తాను.

వ్యాఖ్యాత: అమలాపురం దగ్గర్నుంచి ఒక రైతు గారు. చెప్పండి బాబాయి గారూ.

కాలర్: నాకు వెళ్లే ఓపిక లేదు గానీ అమ్మా, ఒక సందేహం. మాకు కాలవ ఉంది కాబట్టి వరి. అంత కొండ మీద నీళ్లెక్కడివి?

అతిథి: బాబాయి గారూ, అందరూ అడగాల్సింది ఇదే. మడులకు పైన, కొండ నెత్తిన అడవి ఉంటుంది. దాన్ని ముయోంగ్ అంటారు. అది సర్కారు అడవి కాదు, ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్క. వాన నీటిని ఆ అడవి పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. చిన్న కాలవల్లో, వెదురు గొట్టాల్లో పై మడికి వచ్చి, పై మడి నిండాక కింద మడికి దిగుతుంది. అడవి కొట్టేస్తే కింద అందరి మడీ ఎండుతుంది. అందుకే ముయోంగ్‌ని చూసుకోవడం కూడా వ్యవసాయంలో భాగమే వాళ్లకి.

కాలర్: మంచి మాట. ఏడాదికి ఎన్ని పంటలు?

అతిథి: వాళ్ల పాత వరి పేరు తినవోన్. అంటే ఏడాదికొక్కసారి అనే అర్థం. చలి ప్రాంతం, పంట నెమ్మదిగా వస్తుంది. ఎక్కువ చోట్ల జూలై ప్రాంతంలో కోత. అదీ చేత్తోనే. కోతప్పుడు ఆడవాళ్లు హుద్‌హుద్ అని కథాగానం పాడతారు. పెద్దావిడ ఒకావిడ ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు, మన ఊడుపు పాటల్లో జరిగినట్టే. కాకపోతే వాళ్లది రోజుల తరబడి సాగే వీరగాథ. గరిసెలో ధాన్యానికి కాపలాగా బులుల్ అనే చెక్క బొమ్మ కూర్చుని ఉంటుంది. ఇళ్లు కూడా నాలుగు స్తంభాల మీద, ఎలకలు ఎక్కకుండా స్తంభానికి గుండ్రటి చెక్క బిళ్లలు తొడిగి కడతారు.

కాలర్: వాటాలు పంచుకుంటే మడులు ముక్కలైపోవా అమ్మా? మా దగ్గర అదే బాధ.

అతిథి: పాత ఆచారం ప్రకారం పెద్ద బిడ్డకి పెద్ద వాటా. ఆడపిల్లైనా, మగపిల్లాడైనా సరే, ముందు పుట్టినవాళ్లకే. మడి ముక్కలు కాకుండా అలా నిలిచింది. ఇక మడుల వయసు 2000 ఏళ్లని ఎప్పటినుంచో చెప్తున్నారు. తవ్వకాలు జరిపిన పురావస్తు పరిశోధకులు మాత్రం, స్పెయిన్ వాళ్లు పల్లాన్ని ఆక్రమించాక జనం కొండెక్కి సుమారు 400 ఏళ్ల కింద వీటిని కట్టారని అంటున్నారు. అంత తక్కువ కాలంలో ఇన్ని కొండలు చెక్కారంటే నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు కష్టమంతా చేతులు లేకపోవడమే. చదువుకున్న పిల్లలు పట్నం పోతున్నారు, వానపాములు గట్లను తొలిచేస్తాయి, తుఫాను వస్తే రాతి గోడ కూలుతుంది. చాలా మడులు పాడుబడి, 2001లో యునెస్కో వీటిని ప్రమాదంలో ఉన్న వాటిలో పెట్టింది, 2012లో తీసేసింది. నేను మొదటిసారి బతాద్ వెళ్లినప్పుడు చెప్పులేసుకుని గట్టు మీద నడిచాను, వాన పడి ఉంది. జారాను, నాతోపాటు రెండు రాళ్లు కింద మడిలో పడ్డాయి. ఆ మడి పెద్దావిడ వచ్చింది. డబ్బు తీయబోతే వద్దంది, రాయి అందించమని సైగ చేసింది. మధ్యాహ్నం దాకా నేను రాళ్లు అందిస్తూ, ఆవిడ పేరుస్తూ ఉన్నాం. ఇందాక తమ్ముడికి చెప్తానన్నది ఇదే. మీరు గైడ్‌కి, ఊళ్లో గదికి ఇచ్చే డబ్బుతో ఇలాంటి గోడకి కూలీలను పెట్టుకుంటారు.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒక అమ్మ. చెప్పండమ్మా.

కాలర్: మా అమ్మాయి దావావోలో మెడిసిన్ చదువుతోందండి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఈ ఊళ్లకే వెళ్తానంటోంది. ముగ్గురూ ఆడపిల్లలే. పంపమంటారా?

అతిథి: పంపండమ్మా. దావావో దక్షిణాన ఉంది, మనీలాకి విమానంలో రావాలి, అక్కణ్ణుంచి బస్సు. మనుషుల గురించి కన్నా నాకు వాన గురించే భయం. జూలై నుంచి అక్టోబర్ దాకా తుఫాన్లు, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. ఆ నెలలు వదిలేయమనండి. తిరుగు విమానానికి ముందు ఒక రోజు చేతిలో ఉంచుకోమనండి. బతాద్‌లో తప్పియా జలపాతానికి దిగే మెట్లు బాగా నిటారు, చీకటి పడేలోగా పైకి వచ్చేయాలి. మంచి బూట్లు కావాలి.

కాలర్: ఊళ్లో ఎలా మసలుకోవాలో కూడా చెప్పండి.

అతిథి: అడగకుండా ఫొటో తీయొద్దు. వ్యూ పాయింట్ దగ్గర పాత వేషంలో కూర్చున్న ముసలివాళ్లు ఫొటోకి డబ్బు తీసుకుంటారు, అది వాళ్ల జీవనం, ఇచ్చేయాలి. పిల్లలకి చాక్లెట్లు పంచొద్దు. కొందరి ఇళ్లలో పెద్దల ఎముకలు దుప్పట్లో చుట్టి భద్రపరుస్తారు. వాళ్లకది పూజ్యం, మనం దూరంగా నిలబడాలి. పూజ జరిగేచోట ముంబాకి అని పురోహితుడు ఉంటాడు, పిలిస్తేనే దగ్గరికి వెళ్లాలి.

కాలర్: ఉత్త చేతులతో వెళ్లడం బాగుండదు కదండీ. ఇంటివాళ్లకి ఏం పట్టుకెళ్లమనను?

అతిథి: మనలాగే వాళ్లూ వక్క, తమలపాకు, సున్నం వేసుకుంటారమ్మా. మోమా అంటారు. ముసలివాళ్లు సంచి విప్పి కూర్చుంటే మాటలు మొదలైనట్టే. అవి వాళ్ల దగ్గరే ఉంటాయి, పట్టుకెళ్లక్కర్లేదు. బనావే సంతలో కాఫీ పొడి, పంచదార, సబ్బులు కొనమనండి. అవన్నీ కొండ మీదికి మోసుకెళ్లాల్సినవే, అందుకే విలువ. ఆ సంచి మాత్రం అమ్మాయినే మొయ్యమనండి.