ప్రాజెక్ట్ రిపోర్ట్ బాగుపడాలంటే టూల్ మార్చకండి, హిస్టరీ తెరవండి

"ఈ డాష్‌బోర్డ్‌లో ఏమీ తెలియడం లేదు, ఇంకో టూల్‌కి మారిపోదాం." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. టూల్ మారుస్తారు, డేటా అంతా మోసుకెళ్తారు, ఆర్నెల్లు తిరగకుండానే మళ్ళీ అదే మాట. కొత్త టూల్‌ని కూడా అడుగుతున్నది పాత ప్రశ్నే మరి: ఇప్పుడు ఏ స్టేటస్‌లో ఎన్ని టాస్క్‌లు ఉన్నాయి?

(స్క్రీన్ మీద: ముక్కలుగా కోసిన గుండ్రటి "పై" (pie) చార్ట్. పూర్తయినవి 40, నడుస్తున్నవి 30, మొదలుకానివి 30.)

ఈ చార్ట్ చూసి ప్రాజెక్ట్ సాఫీగా పోతోందో, ఇరుక్కుపోయిందో చెప్పండి. ఎవరికీ సాధ్యం కాదు. ఆ 40లో పది పోయిన వారమే పూర్తయి ఉండొచ్చు. లేదా మూడు వారాలుగా ఒక్కటీ కదలకపోయి ఉండొచ్చు. రెండింటికీ బొమ్మ ఒకటే.

హాస్పిటల్‌లో మంచం దగ్గర పెట్టే జ్వరం చార్ట్ గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడు థర్మామీటర్ 100 చూపిస్తోంది. మంచిదా, చెడ్డదా? నిన్న 103 ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. పొద్దున 98 ఉంటే కంగారు పడతాం. డాక్టర్ ఆ ఒక్క అంకె చూసి ఊరుకోరు, గీత ఎటు పోతోందో చూస్తారు. మన డాష్‌బోర్డ్‌లు చాలావరకు థర్మామీటర్లే. చార్ట్ మాత్రం టూల్ లోపలే ఉంది, మనమే తెరవం.

ఎక్కడుంది? టీమ్ టాస్క్‌లను ట్రాక్ చేసే టూల్ జిరా సంగతే తీసుకోండి. అందులో ఏ టాస్క్ తెరిచినా హిస్టరీ ట్యాబ్ కనిపిస్తుంది. ఎవరు, ఏ రోజు, ఏ నిమిషంలో, ఏ స్టేటస్ నుంచి దేనికి మార్చారో అంతా అందులో ఉంటుంది. సెర్చ్‌లో కూడా "స్టేటస్ =" అని ఇప్పటి స్థితి అడగడం దగ్గరే ఆగిపోనక్కర్లేదు. "వాజ్", "ఛేంజ్డ్" అని గతాన్ని అడగొచ్చు: ఈ నెలలో రివ్యూ నుంచి వెనక్కి వచ్చిన టాస్క్‌లేవి అని. నా దృష్టిలో మొత్తం జిరాలో దీన్ని మించిన సదుపాయం లేదు. ఒక జాగ్రత్త: మామూలుగా సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్ చేస్తే చేతికొచ్చేది ఇప్పటి విలువలే, హిస్టరీ రాదు. ఎక్సెల్‌లో ఎంత కుస్తీ పట్టినా రిపోర్ట్ ఎందుకు తేలడం లేదు అంటారా? కావాల్సింది అసలు ఆ ఫైల్‌లోకి రాలేదు.

సరే, హిస్టరీ దొరికింది. పని మొదలైన తేదీ, ముగిసిన తేదీ తీసుకుంటే మధ్య గడిచిన రోజులే సైకిల్ టైమ్. ఇక్కడ అందరూ వెంటనే సగటు తీసేస్తారు. ఆగండి.

(స్క్రీన్ మీద: 1, 2, 2, 3, 3, 3, 4, 4, 5, 33.)

పది టాస్క్‌లకు పట్టిన రోజులు ఇవి. కూడితే 60, సగటు 6 రోజులు. మరి ఇందులో ఆరు రోజులు పట్టిన టాస్క్ ఒక్కటైనా ఉందా? లేదు. తొమ్మిది టాస్క్‌లు ఐదు రోజుల్లోపే అయిపోయాయి, ఒకటి నెల దాటింది. వార్డులో ఉన్న అందరి జ్వరాలూ కూడి సగటు కడితే ఏ పేషెంట్ గురించి తెలుస్తుంది? అందుకే రిపోర్ట్‌లో "పదింటిలో తొమ్మిది ఐదు రోజుల్లో అయ్యాయి" అని రాయండి. తర్వాత ఆ 33 రోజుల టాస్క్ ఏ స్టేటస్‌లో ఎన్నాళ్ళు కూర్చుందో విప్పి చూడండి. సమావేశంలో మాట్లాడాల్సింది దాని గురించే.

ఇంకొక పెద్ద పొరపాటు. ఈ లెక్కంతా పూర్తయిన టాస్క్‌లదే. అంటే డిశ్చార్జ్ అయి ఇంటికెళ్ళిన వాళ్ళ చార్ట్‌లే చూస్తున్నాం. ఇంకా మంచం మీదే ఉన్నవాళ్ళ సంగతేంటి? నలభై రోజులుగా నడుస్తూనే ఉన్న టాస్క్ పూర్తయ్యేదాకా సైకిల్ టైమ్ లెక్కలోకి రానే రాదు. అప్పటిదాకా మీ రిపోర్ట్ కళకళలాడుతూనే ఉంటుంది. కాబట్టి నడుస్తున్న ప్రతి టాస్క్ పక్కన దాని వయసు వేయండి, ముసలివి పైకి వచ్చేలా పేర్చండి. వారానికి ఒక్క రిపోర్టే పంపే వీలుంటే నేను ఇదే పంపుతాను.

ఇప్పుడు "నడుస్తోంది" అనే స్టేటస్ సంగతి. అందులో నిజంగా చేతిలో ఉన్న పని, ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తున్న పని కలిసిపోయి ఉంటాయి. ఈ రెండింటినీ విడదీయకపోతే ఏ చార్టూ మిమ్మల్ని కాపాడదు. "రివ్యూ కోసం ఆగింది" అని ఒక స్టేటస్ పెట్టండి. అలాగని పదిహేను స్టేటస్‌లు పెట్టకండి, ఎవరూ మార్చరు.

ఎవరూ మార్చరు అన్నాను కదా, అసలు సమస్య అక్కడుంది. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చే ముందు వారం రోజుల జ్వరాన్నీ ఒక్కసారిగా గుర్తున్నంత మేర రాసేస్తే ఆ గీతకు అర్థముంటుందా? మీటింగ్‌కి పావుగంట ముందు అందరూ కార్డులు జరిపే టీమ్‌లో జరిగేదీ అదే. మార్పులన్నీ ఒకే గంటలో గుంపుగా కనిపిస్తే ఆ తేదీలను నమ్మకండి. దీనికి మందు గట్టిగా చెప్పడం కాదు. ఆ అంకెలతో మనుషులకు మార్కులు వేయడం మానేయాలి. తన మీదకు వస్తుందని తెలిస్తే ఏ మనిషీ నిజం రాయడు, అందులో వాళ్ళ తప్పు లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

గడువు తేదీ: మారినప్పుడల్లా పాత తేదీ మీద కొత్తది రాసేస్తే ప్రాజెక్ట్ ఎప్పుడూ ఆలస్యం కానట్టే కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో బేస్‌లైన్, అంటే మొదట అనుకున్న ప్లాన్ కాపీ, ఉన్నది దీనికే. మొత్తం 11 దాచుకోవచ్చు, మొదటిదాన్ని మాత్రం ముట్టుకోకండి.

శాతం పూర్తి: ఆ కాలమ్ తీసేయండి. 90 శాతం దగ్గర వారాల తరబడి ఆగిన పనులు మీరూ చూసే ఉంటారు. అయిందా, కాలేదా, అంతే.

ఎస్‌పీఐ (షెడ్యూల్ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్: అయిన పనిని, ఈపాటికి అవ్వాల్సిన పనితో భాగిస్తే వచ్చే అంకె) వాడేవాళ్ళకి: ప్రాజెక్ట్ ఎంత ఆలస్యమైనా ముగిసేసరికి ఆ అంకె 1కి చేరుతుంది, ఎందుకంటే అనుకున్న పనంతా చివరికి పూర్తవుతుంది కదా. చివరి దశలో దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఇక లిటిల్స్ లా: చేతిలో ఉన్న పనులను, పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కోదానికి పట్టే సగటు సమయం వస్తుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించారు. చేతిలో 30 టాస్క్‌లు, వారానికి 5 పూర్తవుతున్నాయంటే ఒక్కోదానికి సగటున 6 వారాలు. వచ్చేవీ పోయేవీ దాదాపు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. గడువు అడిగిన మేనేజర్‌కి ఈ భాగహారం చూపించండి. కొత్త పనులు మొదలుపెట్టడం తగ్గించాలని నేను ఎంత వాదించినా రాని ఫలితం ఈ ఒక్క లెక్కతో వస్తుంది.

జిరా నుంచి చేంజ్‌లాగ్‌ని (అదే, ఈ హిస్టరీని) ఏపీఐతో, అంటే ప్రోగ్రామ్ ద్వారా డేటా అడిగే దారిలో లాగి, టాస్క్ వయసుల పట్టిక ఎలా కట్టాలో వచ్చే వీడియోలో స్క్రీన్ మీద చేసి చూపిస్తాను. ఈలోగా మీ బోర్డులో అన్నిటికంటే పాత టాస్క్ ఒకటి తెరిచి, దాని హిస్టరీలో ఎక్కడ ఎక్కువ రోజులు ఆగిందో కామెంట్‌లో రాయండి.