అక్క చేతులు

అందరికీ నమస్కారం. ఎండెక్కకముందే వచ్చారు. అక్క బడి పిల్లలైతే నాకన్నా ముందే వచ్చి ఆ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఇవాళ అక్క సంవత్సరీకం. ఇంట్లో జరగాల్సినవి పొద్దున్నే జరిపించి ఇక్కడికి వచ్చాం. ఈ పది సెంట్లలో పెట్టింది నాలుగు శిల్పాలే. "మీ అక్క విగ్రహం ఏదీ?" అని ఇప్పటికే నలుగురు అడిగారు కాబట్టి ఆ సంగతే చెబుతాను.

అక్క విగ్రహం పెట్టలేదు.

మొదట పెడదామనే అనుకున్నాం. రాతి శిల్పాలు చెక్కే దుర్గి ఊరికి వెళ్లి శిల్పిగారిని కలిస్తే ఫొటో అడిగారు. ఇల్లంతా వెతికితే దొరికినవి రెండు. ఒకటి పెళ్లి ఫొటో, ఇంకోటి ఆధార్ కార్డు మీది. ముప్ఫై ఏళ్లు రెండో తరగతి పిల్లలకు చదువు చెప్పిన మనిషి, బడి ఫొటోల్లో ఎక్కడ చూసినా పిల్లల వెనకాల సగమే కనబడుతుంది. శిల్పిగారు ఆ రెండూ చూసి పక్కన పెట్టేశారు. "ఆమె ఏం చేస్తుంటే మీ కళ్లకు కడుతుంది?" అని అడిగారు. మా అమ్మాయి వెంటనే "ముగ్గు" అంది. అలా విగ్రహం మాని, ముగ్గు వేస్తున్న అక్క చేతులే చెక్కించాలనుకున్నాం.

నాకు అప్పుడు నాగార్జునకొండ గుర్తొచ్చింది. అక్క ఏటా పిల్లల్ని లాంచీలో ఆ మ్యూజియానికి తీసుకెళ్లేది. అక్కడ దొరికిన వాటిలో ఛాయాస్తంభాలని ఉన్నాయి. పోయినవాళ్ల జ్ఞాపకంగా వేయించిన రాతి స్తంభాలవి. ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు వంశపు రాజు చాంతమూలుడు పోయాక ఆయన తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు కలిసి ఒకటి వేయించారు. పదిహేడు వందల ఏళ్ల నాటి మాట. దాని మీద ఆయన బతికిన రోజులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చెక్కి ఉంటాయి: ఏనుగెక్కి పోవడం, దానాలివ్వడం, రాణితో కూర్చోవడం. మనిషి ఎలా ఉండేవాడన్నదానికన్నా ఏం చేసేవాడన్నది వాళ్లకు ముఖ్యమై ఉంటుందని నాకు అనిపిస్తుంది. కొండ దగ్గర చెక్కింది మన పల్నాటి సున్నపురాయినే. ఇక్కడ మేం వాడిందీ అదే.

రాయిని ఎంచడం నేను పక్కనుండి చూశాను. శిల్పిగారు సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటారు. కంచు మోగినట్టు మోగితే లోపల గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండలా పలికితే చీలిక ఉన్నట్టు. మా మొదటి రాయి బాగానే మోగింది. తీరా మణికట్టు దాకా చెక్కాక సన్నటి పొర బయటపడి రెండు ముక్కలైంది. ఆరు వారాల పని పోయింది. సంవత్సరీకం దగ్గరపడుతోందని నాకు ఒకటే టెన్షన్. ఆయన ఒక్క మాట కూడా విసుక్కోకుండా ఇంకో రాయి తట్టడం మొదలుపెట్టారు. విరిగిన ముక్కను తొలిచి పిట్టలకు నీళ్ల తొట్టి చేశారు. అదిగో, గేటు పక్కన ఉన్నది అదే.

చేతుల దగ్గర ఇంట్లో పెద్ద తగువే అయింది. మా అక్కది ఎడమచేతి వాటం. ముగ్గు వేసినా, బోర్డు మీద రాసినా ఎడమచెయ్యే. శుభమా అని పెట్టుకుంటూ ఎడమచేత్తో ముగ్గేమిటి, కుడిచెయ్యి చేయించండని పిన్ని పట్టుబట్టింది. చిన్నప్పుడు ఆ చేతి మీద బెత్తం దెబ్బలు తిని కూడా అక్క మార్చుకోలేదు. ఇప్పుడు రాతిలో మారుస్తామా? ఆ మాట చెబితే పిన్ని కాసేపు ఊరుకుని, "చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి పిండి జారేది, అది సరిగ్గా రావాలి" అంది. వచ్చింది. దగ్గరికెళ్లి చూడండి. ఆ రెండు వేళ్ల మధ్య సన్నగా ధార దిగుతూ ఉంటుంది, కింద నేల మీద ఏడు చుక్కల ముగ్గు సగం వరకే ఉంటుంది. మిగతా సగం ఖాళీ బండ. పండగలకి ఈ ఊరి ఆడపిల్లలు పిండితో పూర్తి చేసుకోవాలని అలా వదిలేశాం.

పక్కన పలక ఉంది. దాని మీద 'అ' అక్షరాన్ని వేలు దూరేంత లోతుగా చెక్కించాం. అక్క మొదట ఇసుకలో దిద్దించేది కదా, అందుకు. నాలుగోది కూర్చోవడానికి అరుగు.

ఇప్పుడు పిల్లలు వచ్చి గుడ్డ తీస్తారు. ముందు రెండో తరగతి వాళ్లు రండి. శిల్పాల చుట్టూ కంచెలు ఏమీ లేవు, చేత్తో ముట్టుకుని చూడండి. తొట్టిలో ఒకరు నీళ్లు పోయండి.