రెండో గీత మసకగా కనిపిస్తే

అందరికీ నమస్కారం. ప్రెగ్నెన్సీ కిట్ ఏ గల్లీ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. ఆశా కార్యకర్తల ద్వారా ప్రభుత్వ ‘నిశ్చయ్’ ప్రెగ్నెన్సీ కిట్ ఉచితంగానే ఇస్తారు. చిక్కంతా దాన్ని చదవడంలో వస్తోంది. అందుకే కిట్‌లో ఉండే ఈ పరీక్ష కార్డు పట్టుకొచ్చాం, చూడండి.

గుండ్రటి గుంటలో మూత్రం చుక్కలు వేస్తాం. పక్క కిటికీలో ‘సి’, ‘టి’ అని రెండు అక్షరాలుంటాయి. ‘సి’ దగ్గర గీత పడితే కార్డు పనిచేసిందని అర్థం. ‘టి’ దగ్గర గీత పడితే మూత్రంలో హెచ్‌సీజీ, అంటే గర్భం నిలిచాక ఒంట్లో తయారయ్యే హార్మోన్, ఉందని అర్థం. ‘సి’ గీత రాలేదా, ‘టి’ ఎంత ఎర్రగా ఉన్నా ఆ కార్డు లెక్కలోకి రాదు. చుక్కలు చాలకపోయినా, కవరు ముందే చించడంతో తేమ పట్టినా, గడువు దాటినా ఇలా అవుతుంది. మన హైదరాబాద్‌లో మే నెల ఎండకు స్కూటీ డిక్కీలో పెట్టి మరిచిన కిట్‌ను కూడా నమ్మకండి. చాలా కిట్లు 30 డిగ్రీల లోపే ఉంచాలి.

ఎక్కువ కార్డులకు మూడు చుక్కలు వేయాలి, కొన్నింటికి రెండే. లోపలి కాగితం చదవండి. సాధారణంగా 5 నిమిషాలకు ఫలితం చూడాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి.

ఇక అందరూ అడిగే మసక గీత. చెప్పిన సమయం లోపే వచ్చి, గులాబీ రంగు ఉండి, ‘సి’ గీత అంత వెడల్పూ పొడవూ ఉంటే, ఎంత పలచగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు జాడ అలాంటిది కాదు, అది మూత్రం ఆరిపోతూ వదిలిన చార. అనుమానముంటే 48 గంటలాగి, పొద్దున్నే మొదటి మూత్రంతో, అదే కంపెనీ కిట్‌తో మళ్ళీ చేయండి. తొలి వారాల్లో హెచ్‌సీజీ రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. అయితే రోజూ గీతల ముదురు పోల్చుకుంటూ కూర్చోవద్దు. నీళ్ళు బాగా తాగితే మూత్రం పలచబడి గీత కూడా పలచబడుతుంది. సరిగ్గా లెక్క కావాలంటే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షే.

నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని తేల్చేయకండి. అండం విడుదలైన 6 నుంచి 12 రోజులకు గానీ పిండం గర్భసంచికి అంటుకోదు, ఆ తర్వాతే హెచ్‌సీజీ పెరుగుతుంది. నెల తప్పకముందే చేస్తే దొరకకపోవచ్చు. వారం ఆగి మళ్ళీ చేయండి. పీసీఓడీ (అండాశయాల సమస్య) వల్ల నెలసరి తేదీలు గతి తప్పేవారు, కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకుని అప్పుడు పరీక్ష చేసుకోండి. పిల్లల కోసం వైద్యంలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవారికి రెండు వారాల వరకూ, అబార్షన్ అయినవారికి కొన్ని వారాల వరకూ గర్భం లేకపోయినా పాజిటివ్ రావచ్చు.

ఒక్కమాట మాత్రం గట్టిగా పట్టుకోండి. గర్భం ఎక్కడ ఉందో కిట్ చెప్పలేదు. గర్భసంచిలో కాకుండా అండం వచ్చే ట్యూబులో నిలిచినా రెండు గీతలే వస్తాయి. పాజిటివ్ వచ్చాక పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరగడం, రక్తం కనిపించడం, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి, లేదా పేట్లబురుజు, కోఠి ప్రసూతి ఆసుపత్రుల్లో మీకు దగ్గరున్నదానికి వెళ్ళండి.

నొప్పి ఏమీ లేకపోయినా పాజిటివ్ వస్తే ఆ వారంలోనే బస్తీ దవాఖానాకు వెళ్ళండి, చివరి నెలసరి మొదలైన తేదీ రాసుకుని వెళ్ళండి. డాక్టరమ్మ వారాలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.