అక్టోబరులో ఓడ ఎక్కడ తలదాచుకుంటుంది?

సభకు నమస్కారం.

ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ మన తీరం కోసం కొట్టుకున్న కథ చాలామంది ఫ్రెంచి సేనాని బుస్సీతో మొదలుపెడతారు. ఆ తర్వాత బొబ్బిలి, చందుర్తి, బందరు కోట వరసగా వస్తాయి. అవన్నీ జరిగినవే. కానీ వాటి వెనక సముద్రం లెక్క ఒకటుంది. అది తెలియకపోతే చందుర్తిలో ఓడిన ఫ్రెంచివారికి తమ ముఖ్య స్థావరం పుదుచ్చేరి నుంచి సాయం ఎందుకు అందలేదో అర్థం కాదు.

ముందు తీరం సంగతి. బందరు నుంచి నాగపట్నం దాకా పెద్ద యుద్ధనౌక లోపలికి వచ్చి నిలబడే సహజమైన రేవు ఒక్కటీ లేదు. ఓడలు తీరానికి దూరంగా, తెరిచిన సముద్రంలోనే లంగరు వేయాలి. ఒడ్డుకూ ఓడకూ మధ్య అలల వరస ఉంటుంది. దాన్ని దాటడానికి యూరప్ పడవలు పనికిరావు. మేకు కొట్టకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవే దాటాలి. కుట్టు పడవ అల దెబ్బకు కొంచెం వంగి సర్దుకుంటుంది, మేకులు కొట్టిన పడవ విడిపోతుంది. ఫిరంగి గుండు, బియ్యం బస్తా, నీళ్ళ పీపా, అన్నీ ఆ పడవల్లోనే ఎక్కాలి, దిగాలి. 60 ఫిరంగుల ఓడలో 400 మందికి పైగా ఉంటారు. మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్ళనుకున్నా నెలకు 48 టన్నులు. పది ఓడల దళానికి 480. పడవ నడిపే మన పల్లెకారుల చేతుల మీదే ఈ యుద్ధం నడిచిందంటే అతిశయోక్తి కాదు.

ఇక అక్టోబరు. ఈశాన్య రుతుపవనం మొదలై తుఫాన్లు వచ్చే కాలం. తెరిచిన సముద్రంలో లంగరు మీదున్న తెరచాప ఓడకు గాలి ఒడ్డు వైపు కొడితే రెండే దారులు: లంగరు తాడు తెంపుకుని బయటికి పరుగెత్తడం, లేదా ఒడ్డుకు కొట్టుకుపోవడం. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లాబుర్దొనే ఇంగ్లీషువారి మద్రాసును పట్టుకున్నాడు. అక్టోబరు 13 రాత్రి వచ్చిన తుఫానుకు ఆయన ఓడలు కొన్ని మునిగాయి, మిగిలినవాటికి తెరచాప స్తంభాలు విరిగాయి, వెయ్యిమందికి పైగా పోయారు. మద్రాసు దక్కింది గాని, దాన్ని కాపాడే నౌకాదళం ఒక్క రాత్రిలో చెదిరిపోయింది.

కాబట్టి ప్రతి ఏడూ దళాలు తీరం వదిలి వెళ్ళాలి. ఎక్కడికి? ఇక్కడే ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఇంగ్లీషువారికి బొంబాయి ఉంది. సూరత్ నుంచి వచ్చిన పార్సీ వడ్రంగి లోజీ నసర్వాంజీ వాడియా పర్యవేక్షణలో 1750లలో అక్కడ డ్రైడాక్ కట్టారు, మలబారు టేకు దగ్గర్లోనే ఉంది. ఓడను డాకులోకి తెచ్చి, తలుపు మూసి, నీళ్ళు తోడేస్తే అడుగంతా కంటికి కనిపిస్తుంది, పుచ్చిన పలక మార్చవచ్చు. డాకు లేని చోట ఫిరంగులు, సరుకు దించేసి, స్తంభాలకు తాళ్ళు కట్టి లాగి, ఓడను ఒక పక్కకు ఒరిగించాలి. అడుగున పట్టిన నాచూ గుల్లలూ కాల్చి గీకి, సందుల్లో నార కూరి, తారు పూసి, మళ్ళీ రెండో పక్కకు ఒరిగించాలి. పాత ఓడైతే ఆ ఒత్తిడికే అతుకులు సడలుతాయి. అడుగు శుభ్రం చేయకపోతే ఓడ వేగం పడిపోతుంది. ఉష్ణ జలాల్లో చెక్కను తొలిచే ఓడపురుగు ఎలాగూ వదలదు.

ఫ్రెంచివారికి ఉన్నది మారిషస్, రెండు వేల నాటికల్ మైళ్ళకు పైనే. మంచి రేవే గాని, దళానికి సరిపడా తిండి ఆ ద్వీపంలో పండదు. 1758–59 చలికాలంలో ఫ్రెంచి నౌకాధిపతి దాషే దళానికి ధాన్యం కొనడానికి ఓడలను ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం దాకా పంపాల్సి వచ్చింది. స్తంభాలకు దుంగలూ కొరతే. ఇది తెలిసి చూస్తే దాషేను కొందరు పిరికివాడనడం అన్యాయమనిపిస్తుంది. ఇంగ్లీషు నౌకాధిపతి పొకాక్‌తో ఆయన మూడుసార్లు తలపడ్డాడు: 1758 ఏప్రిల్ 29న, ఆగస్టు 3న, 1759 సెప్టెంబరు 10న. చివరిసారి పొకాక్‌కు 9 ఓడలు, దాషేకు 11. మూడింట్లోనూ ఏ దళమూ పూర్తిగా నాశనం కాలేదు. అయినా విరిగిన స్తంభం బదులు మరొకటి దొరకనివాడికి ‘సమానం’ అంటే ఓటమే. 1759 అక్టోబరు 1న పుదుచ్చేరి వదిలి వెళ్ళిన దాషే మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మన సర్కారు జిల్లాలకు వద్దాం. 1753లో దక్కను పాలకుడు సలాబత్ జంగ్ ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, ముస్తఫానగర్ సర్కారులు బుస్సీకి ఇచ్చాడు. 1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అదే ఏడు అక్టోబరు 20న ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు సముద్రం మీదుగా బెంగాలు నుంచి విశాఖపట్నంలో దిగాడు, సుమారు 500 మంది యూరోపియన్లతో, 2,000 మంది సిపాయిలతో. ఆ నెల గమనించండి. ఈశాన్య గాలి, దక్షిణానికి తిరిగిన తీర ప్రవాహం రెండూ బెంగాలు నుంచి వచ్చేవాడికి అనుకూలం. పుదుచ్చేరి నుంచి ఉత్తరానికి రావాలనుకునేవాడికి రెండూ ఎదురే. డిసెంబరులో విజయనగరం ఆనంద గజపతి రాజు తోడుగా ఫోర్డు చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. 1759 మార్చి 6కు ఫ్రెంచివారి చేతిలోని బందరు చేరాడు. ఫ్రెంచివారికి సాయంగా సలాబత్ జంగ్ సైన్యం దగ్గరపడుతోంది, మందుగుండు అయిపోవస్తోంది. ఏప్రిల్ 7 రాత్రి ఒక దళాన్ని నైరుతి బురదనేల మీదుగా బూటకపు దాడికి పంపి, అసలు దెబ్బ మరో పక్క కొట్టాడు. తెల్లవారేసరికి కోట లొంగింది. గాలి తిరిగాక పుదుచ్చేరి నుంచి బయల్దేరిన రెండు ఫ్రెంచి ఓడలు వారం తర్వాత బందరు ముందుకొచ్చాయి. అప్పటికే కోట చేతులు మారింది, అవి గంజాం వైపు సాగిపోయాయి. మే 14న సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం ప్రాంతాలు ఇంగ్లీషువారికి రాసిచ్చాడు.

తుఫాను ఇంగ్లీషువారిని వదిలిందని కాదు. 1761 కొత్త సంవత్సరం నాడు పుదుచ్చేరిని దిగ్బంధించిన వారి దళం మీదా పడింది. ఓడలు మునిగి సుమారు 1,100 మంది పోయారు. కానీ మిగిలిన ఓడలు కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చి దారి మూశాయి. ఆ నెల నడిమికే పుదుచ్చేరి లొంగింది.

ఈ లెక్క తిరగరాసిన ఫ్రెంచి నౌకాధిపతి ఒక్కడే, సఫ్రెన్. 1782లో ఇంగ్లీషు నౌకాధిపతి హ్యూస్‌తో నాలుగుసార్లు పోరాడాడు. విరిగిన స్తంభాలకు తన చిన్న ఓడల స్తంభాలే పీకి పెట్టాడు. ఆగస్టు చివర సింహళంలోని ట్రింకోమలీ రేవు పట్టుకున్నాడు. చలికాలానికి మారిషస్ వెళ్ళకుండా సుమత్రాలోని ఆచే వెళ్ళాడు. హ్యూస్ బొంబాయిలో మరమ్మతుల్లో ఉండగానే, 1783 జనవరిలో సఫ్రెన్ గంజాం తీరం ముందు కనిపించి, ఇంగ్లీషు ఓడ కోవెంట్రీని పట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళ కిందట బందరుకు వారం ఆలస్యమైన ఆ ఫ్రెంచి ఓడలు తేలింది కూడా ఈ గంజాం దగ్గరే.