పట్టాలో లేని పేర్లు

అందరికీ నమస్కారం.

ఇక్కడ అమెరికాలో, మన అయోవా రాష్ట్రంలో ఇల్లు కొన్నవాళ్ళందరూ క్లోజింగ్ టైమ్‌లో, అంటే కొనుగోలు పూర్తిచేసి కాగితాలు రాసుకునేటప్పుడు, ఆబ్‌స్ట్రాక్ట్ అనే మాట వినే ఉంటారు. మన ఊళ్ళో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, అలాంటిదే. అయోవాలో ఒక భూమి ప్రభుత్వం చేతి నుంచి మొదట ఎవరికి వెళ్ళిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టి, అమ్మకాలు, తనఖాలు, వీలునామాల సారాంశమంతా ఒకే కట్టలో ఉంటుంది. చాలామంది దాన్ని లాయరుకి చూపించి బీరువాలో పెట్టేస్తారు. నేను మాత్రం మా నేల మీద ముందు ఎవరున్నారో వెతుకుతూ ఒక చలికాలం సాయంత్రాలన్నీ దాంతోనే గడిపాను.

మొదటి పేజీలో 1850ల నాటి పేటెంటు ఉంది. ఇక్కడ పేటెంటంటే ప్రభుత్వమిచ్చిన పట్టా. ఈ నేలలో మొదట నాగలి పట్టిన రైతు దొరికాడని తెగ సంతోషపడ్డాను. జనాభా లెక్కల్లో ఆయన కోసం నెలల తరబడి వెతికాను. మన అయోవా సిటీ ఉన్న జాన్సన్ కౌంటీలో ఎక్కడా లేడు. పట్టాని మళ్ళీ నిదానంగా చదివితే విషయం అర్థమైంది. మెక్సికో యుద్ధంలో పనిచేసిన సిపాయిలకి 1847 చట్టంతో 160 ఎకరాల వారంట్లు, అంటే అంత ప్రభుత్వ భూమి తీసుకునే హక్కు కాగితాలు, ఇచ్చారు. చాలామంది సిపాయిలు వాటిని అమ్ముకున్నారు. కొన్నవాళ్ళలో ఇక్కడ ఎప్పుడూ కాపురముండని వ్యాపారులు బోలెడుమంది. మా పట్టా కూడా అలా చేతులు మారిన వారంటు మీద వచ్చిందే.

నిజంగా సాగు చేసినవాళ్ళలో చాలామంది సర్వే కూడా కాకముందే వచ్చి, చెట్లు కొట్టి, దుంగలతో ఇళ్ళు కట్టుకున్నారు. చేతిలో కాగితం లేదు. 1839లో జాన్సన్ కౌంటీలో వాళ్ళంతా కలిసి క్లెయిమ్ అసోసియేషన్, అంటే ఎవరు పట్టుకున్న నేల వాళ్ళకే దక్కేలా చూసుకునే సంఘం, పెట్టుకున్నారు. ప్రభుత్వం వేలం వేసినప్పుడు ఒకరి భూమికి ఇంకొకరు పోటీ పాడకూడదని కట్టుబాటు. అలా ఎకరం కనీస ధరకే, అంటే ఒకటింబావు డాలరుకే, దక్కేది. కాబట్టి పట్టా పేరు ఒక్కటే పట్టుకుని వెతక్కండి. భూమి నంబరు పట్టుకోండి. అయోవా సిటీ టౌన్‌షిప్ 79 నార్త్, రేంజ్ 6 వెస్ట్‌లో ఉంది. సర్వేలో గీసిన ఒక్కో చదరపు టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. మన సర్వే నంబరు లాగే అది మారదు, మనుషులే మారతారు.

నాకు దారి చూపించింది ఒక ఆడమనిషి. ఆ రోజుల్లో భర్త భూమి అమ్మితే, అందులో తనకున్న హక్కు వదులుకుంటున్నానని భార్య కూడా ఒప్పుకోవాలి. కౌంటీలో దస్తావేజులు నమోదు చేసే రికార్డర్ ఆఫీసులో పాత పుస్తకం తెరిస్తే, అమ్మినవాడి పేరు కింద ఆవిడ పేరుంది. మొదటి పేరుకీ ఇంటి పేరుకీ మధ్య చిన్న ఇంటూ గుర్తు. ఆవిడకి సంతకం రాదు. గుమాస్తా నకలు రాసుకుంటూ ఆ గుర్తుని కూడా జాగ్రత్తగా దించాడు. మా అమ్మమ్మ వేలిముద్ర గుర్తొచ్చి చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఆవిడ పేరుతో 1856 రాష్ట్ర జనాభా లెక్కలు చూశాను. అయోవాలో ఎన్నేళ్ళుగా ఉంటున్నారో అందులో ఒక గడి ఉంటుంది. ఆవిడకి పదకొండు అని రాశారు. ఇలాంటి గడుల కోసమే రాష్ట్ర లెక్కల్ని వదలకూడదు. 1890 దేశ లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో దాదాపు అన్నీ పోయాయి. అయోవా వరకు 1885, 1895 రాష్ట్ర లెక్కలు ఆ లోటు కొంత తీరుస్తాయి. 1925 లెక్కల్లో అయితే తల్లి పుట్టింటి పేరు కూడా అడిగారు.

పదకొండేళ్ళంటే 1845. ఆ ఏడు అక్టోబరుకే ఈ నేల మూలవాసులైన సాక్, మెస్క్వాకీ ప్రజలు అయోవా వదిలి వెళ్ళాలని 1842 ఒప్పందం గడువు పెట్టింది. మెస్క్వాకీ నాయకుడు పోవెషీక్ గ్రామం ఒకప్పుడు ఈ అయోవా సిటీ దగ్గరే ఉండేది. ఆవిడ వచ్చిన ఏడే వాళ్ళు వెళ్ళాల్సిన ఏడు. నా కట్టలో ఆ మాటే లేదు, అది పట్టాతో మొదలవుతుంది. మెస్క్వాకీలు మాత్రం తిరిగి వచ్చారు. 1857లో టామా కౌంటీలో సొంత డబ్బు 1,000 డాలర్లు పెట్టి 80 ఎకరాలు కొన్నారు. ఈ రోజుకీ అక్కడే ఉన్నారు, ఇక్కణ్ణుంచి కారులో గంటన్నర లోపే.

మీలో ఎవరైనా ఆబ్‌స్ట్రాక్ట్ తెచ్చి ఉంటే ఈ బల్ల మీద పెట్టండి. ముందు భూమి నంబరు రాసుకుందాం, ఆ తర్వాత భార్యల పేర్లు వెతుకుదాం.